ప్రపంచ టైటిల్ లేని కొరియా ఆటగాడు లీ యోంగ్-డేని బ్యాడ్మింటన్ డబుల్స్ దిగ్గజం అనొచ్చా?

గోదారి_స్మాషర్:
మన డబుల్స్ జోడీ సాత్విక్–చిరాగ్ గురించి మాటలు నడుస్తుంటే ఒకరు ‘లీ యోంగ్-డే అంతటివాళ్లు కావాలి’ అన్నారు. నాకు అక్కడే అభ్యంతరం. కొరియా డబుల్స్‌లో గీటురాయి అంటే కిమ్ డాంగ్-మూన్. 1996 ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ (ఆడ-మగ జోడీ) స్వర్ణం, 2004 ఒలింపిక్స్‌లో పురుషుల డబుల్స్ స్వర్ణం, 1999లో ఒకే టోర్నీలో రెండు ప్రపంచ టైటిళ్లు. లీ సంగతి చూడండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2007, 2009, 2014 ఫైనల్స్ మూడూ ఓడాడు. లండన్ ఒలింపిక్స్ సెమీస్‌లో మూడో గేమ్ 20-22. రియోలో టాప్ సీడ్‌గా దిగి క్వార్టర్స్‌లో మూడో గేమ్ 19-21. అసలైన రోజున చేతులెత్తేసేవాడు దిగ్గజం ఎలా అవుతాడు?

గచ్చిబౌలి_గ్యాలరీ:
చేతులెత్తేశాడా? ఆ 2009 ఫైనల్ మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగింది, నేను స్టాండ్స్‌లో ఉన్నాను. ఎదురుగా చైనా జోడీ కై యున్, ఫు హైఫెంగ్. చెరో గేమ్ అయ్యాక మూడోది 28-26. ఎంత లాగినా 30 పాయింట్ల దగ్గర ఆగిపోవాల్సిన ఆట అది, దాదాపు అక్కడిదాకా వెళ్లింది! లీ పార్ట్‌నర్ జంగ్ జే-సంగ్ వెనకనుంచి ఎగిరెగిరి కొడుతుంటే లీ ముందు రాకెట్ పైకి పట్టుకుని కాచుకునేవాడు. అవతలివాళ్లు ఎత్తలేక ఫ్లాట్‌గా తోశారంటే చాలు, షటిల్ నెట్ దాటుతుండగానే మణికట్టుతో కిందికి నొక్కేసేవాడు. టీవీలో స్మాష్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ స్మాష్‌కి అవకాశం పుట్టించేది ముందున్నవాడు. పతకాల పట్టికలో దానికి గడి ఉండదు.

పదకొండు_పాయింట్:
స్మాషర్ గారూ, మీ లెక్కలో ఒక మెలిక ఉంది. కిమ్‌కి మిక్స్‌డ్ స్వర్ణం కలిపారు, లీకి మాత్రం ఆ ఊసే ఎత్తలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ ఫైనల్లో లీ హ్యో-జంగ్‌తో కలిసి అప్పటి ప్రపంచ ఛాంపియన్లు నోవా విడియాంటో–లిలియానా నట్సిర్‌ని 21-11, 21-17తో చిత్తు చేసినప్పుడు అతనికి 19 ఏళ్లు. గెలిచాక కెమెరా వైపు కన్ను కొట్టాడు, కొరియా మొత్తం ఫ్లాట్! (ఆ కన్నుగీటు వల్లే అతని ఆటని తేలిగ్గా తీసుకుంటారని నా అనుమానం.)

ఆ మాటకొస్తే కిమ్ కూడా మిక్స్‌డ్ పార్ట్‌నర్ రా క్యుంగ్-మిన్‌తో హాట్ ఫేవరెట్‌గా వెళ్లి 2000, 2004 ఒలింపిక్స్‌లో రెండుసార్లూ క్వార్టర్స్‌లోనే ఇంటికొచ్చాడు. అతన్ని ఎవరూ టెన్షన్ తట్టుకోలేనివాడు అనరే?

గోదారి_స్మాషర్:
అనరు, ఎందుకంటే వేరేచోట గెలిచి చూపించాడు. పురుషుల డబుల్స్‌లో లీకి లండన్ కాంస్యం, రెండు ఆల్ ఇంగ్లండ్ టోర్నీ టైటిళ్లు ఉన్నాయి, కాదనను. కానీ ప్రపంచ నంబర్ వన్‌గా ఏళ్ల తరబడి ఉండి కూడా చేతికందిన ముద్ద నోటికందలేదు. 2014లో సాటి కొరియన్లు కో సంగ్-హ్యున్, షిన్ బేక్-చియోల్ చేతిలోనే ఓడాడు!

నెట్_కార్డ్:
ఆ 2014లో ఏం జరిగిందో కూడా చెప్పండి బ్రో. డోప్ పరీక్షలకు తను ఎక్కడుంటాడో తెలపలేదని జనవరిలో ఏడాది నిషేధం వేశారు. తప్పు కొరియా బ్యాడ్మింటన్ సంఘానిదని తేలాక ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఆటలో పడాల్సినవాడిని కాగితాల్లో తిప్పారు. అలాంటి ఏడాదిలో యూ యియోన్-సియోంగ్‌తో కలిసి నంబర్ వన్ అవడం చిన్న విషయమా? జంగ్ ఆట వేరు, యూ ఆట వేరు. ఇద్దరితోనూ శిఖరం ఎక్కినవాడిని పార్ట్‌నర్ మోశాడని కూడా అనలేం. జాతీయ జట్టుకి వీడ్కోలు చెప్పింది కూడా 2016 కొరియా ఓపెన్ గెలిచాకే.

గచ్చిబౌలి_గ్యాలరీ:
స్మాషర్ గారూ, ఒక్క ప్రశ్న. ప్రపంచ స్వర్ణం లేకపోతే దిగ్గజం కాదన్న ఇదే కొలత సాత్విక్‌కి కూడా పెడతారా?

గోదారి_స్మాషర్:
పెడతాను, మా అమలాపురం కుర్రాడైనా సరే. ఆసియా క్రీడల స్వర్ణం, రెండు ప్రపంచ కాంస్యాలు ఉన్నాయి. మిగతాది తెచ్చాక మళ్లీ ఇక్కడే మాట్లాడుకుందాం.