నిర్వానా పిక్సీస్‌ని కాపీ కొట్టిందా, వాళ్ల దగ్గర నేర్చుకుందా?

నిశిరాగం:
నిన్న రాత్రి మా తమ్ముడితో పెద్ద వాదన అయింది. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్', పిక్సీస్ అనే ఇంకో బ్యాండ్‌కి పక్కా కాపీ అంటాడు వాడు. నిర్వానా గాయకుడు కర్ట్ కోబేనే ఒప్పుకున్నాక ఇంకేంటి అంటాడు. ఒప్పుకున్న మాట నిజమే. 1994 జనవరిలో రోలింగ్ స్టోన్ పత్రికలో వచ్చిన ఇంటర్వ్యూలో, ఆ పాట చేసేటప్పుడు పిక్సీస్‌ని కాపీ కొట్టాలనే చూశానన్నాడు. మెత్తగా నడిచి ఒక్కసారిగా గట్టిగా విరుచుకుపడే వాళ్ల పద్ధతిని వాడుకున్నామనీ చెప్పాడు. కానీ రెండు బ్యాండ్ల పాటలూ పక్కపక్కన పెట్టుకుని విన్నా, ఎక్కడా ట్యూన్ కలవట్లేదు. మరి కాపీ కొట్టింది దేన్ని? తెలిసినవాళ్లు చెప్పండి.

నాలుగు తీగలు:
ట్యూన్ కోసం వెతికితే దొరకదండీ. నేను బేస్ గిటార్ వాయిస్తాను, చేతికి తెలిసిన సంగతి చెప్తాను. పిక్సీస్ 1989 ఆల్బమ్ 'డూలిటిల్'లో 'టేమ్' అని ఒక పాట ఉంది, రెండు నిమిషాలు కూడా ఉండదు. మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) అలా తిరుగుతూనే ఉంటాయి. చరణంలో బేస్, డ్రమ్స్ మీద పిక్సీస్ గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ గొంతు తగ్గించి పాడతాడు. పల్లవి రాగానే అవే మూడు కార్డ్స్ మీద గొంతు చించుకుని అరుస్తాడు. కార్డ్స్ మారలేదు, మారింది గట్టిదనమే.

ఇప్పుడు 'టీన్ స్పిరిట్' వాయించి చూడండి. నాలుగు కార్డ్స్. చరణంలో గిటార్ దాదాపు మాయమైపోయి రెండే రెండు స్వరాలు మోగుతుంటాయి, కింద బేస్ అవే నాలుగింటినీ తిప్పుతుంటుంది. పల్లవిలోనూ అవే నాలుగు, కాకపోతే గిటార్ మోతని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తొక్కి. బేస్ వాయించేవాడి ఎడమ చేయి చరణానికీ పల్లవికీ అదే దారిలో తిరుగుతుంది. కోబేన్ తీసుకున్నది ఇదీ. మన పాటల్లో పల్లవి ముందే వచ్చేస్తుంది, వీళ్ల పాటల్లో చరణం తర్వాత వస్తుంది. కార్డ్స్ మార్చకుండా ఆ రాకకి అంత బరువు తేవాలంటే అప్పటిదాకా పాటని అణిచి ఉంచాలి. ఆ కిటుకు పిక్సీస్‌ది.

బోస్టన్ అభిమాని:
అంత వివరంగా చెప్పి, చివరికి దాన్ని 'కిటుకు' అని తేల్చేశారు. నాకు బాధ అక్కడే. పిక్సీస్ 1986లో బోస్టన్‌లో మొదలైంది. 'డూలిటిల్' బ్రిటన్ చార్టులో 8వ స్థానానికి వెళ్లింది, సొంత దేశం అమెరికాలో 98 దగ్గరే ఆగిపోయింది. రెండేళ్లకి అదే పద్ధతితో వచ్చిన నిర్వానా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' ('టీన్ స్పిరిట్' ఉన్నది ఇందులోనే) 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని దించి అమెరికాలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాదే పిక్సీస్ విడిపోయింది. విడిపోవడానికి నిర్వానా కారణం అనను, వాళ్ల గొడవలు వాళ్లకున్నాయి. కానీ విత్తనం ఒకరిది, పంట ఇంకొకరిది అయినప్పుడు 'నేర్చుకున్నారు' అని సరిపెట్టుకోవడానికి నాకు మనసు ఒప్పదు.

రికార్డుల పెట్టె:
బోస్టన్ అభిమాని గారూ, మీ బాధ అర్థమైంది. అయితే ఆ పాట పుట్టిన తీరు కూడా చూడాలి. కోబేన్ ఆ రిఫ్ (పాటలో పదే పదే వచ్చే గిటార్ ముక్క) తెచ్చి వినిపిస్తే నిర్వానా బేసిస్ట్ క్రిస్ట్ నోవోసెలిచ్‌కి నచ్చలేదు. అయినా దాన్నే గంటన్నర వాయింపించాడట. వాయించీ వాయించీ, కాస్త నెమ్మదిగా వాయిద్దామా అన్నది నోవోసెలిచ్. అలా చరణం వచ్చింది. పాట ముగ్గురి పేరా ఉండటానికి కారణం అదే. అంటే ఇక్కడ మనం మెచ్చుకుంటున్న ఆ మెత్తని భాగం, రిఫ్‌తో విసిగిపోయిన బేసిస్ట్ దగ్గర్నుంచి వచ్చింది. ఇక డ్రమ్స్ సంగతి. మొదట్లో వినిపించే ఆ దెబ్బలు గ్యాప్ బ్యాండ్, కేమియో లాంటి ఫంక్ బ్యాండ్ల నుంచి తెచ్చుకున్నానని నిర్వానా డ్రమ్మర్ డేవ్ గ్రోల్ స్వయంగా చెప్పాడు. రిఫ్ వింటేనేమో బోస్టన్ అనే బ్యాండ్ 1976 నాటి పాట 'మోర్ దాన్ ఎ ఫీలింగ్' గుర్తొస్తుందని అప్పట్లోనే అన్నారు. 1992లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ సంగీతోత్సవం వేదిక మీద నిర్వానా వాళ్లే ఆ పాట ముక్క వాయించి, ఆ వెంటనే 'టీన్ స్పిరిట్' అందుకున్నారు. ఇన్ని చోట్ల నుంచి వచ్చినదాన్ని ఒక్క పిక్సీస్ ఖాతాలో వేస్తే ఎలా?

నిశిరాగం:
గంటన్నర సంగతి నాకు తెలియదు! మరి ఆ పాడుకునే గుణం? పిక్సీస్ అరుపు నాకు ఇష్టమే, కానీ స్నానం చేస్తూ 'టేమ్' కూనిరాగం తీయలేం కదా.

నాలుగు తీగలు:
అది బీటిల్స్. 'నెవర్‌మైండ్' కంటే ముందే, 1989లో వచ్చిన నిర్వానా ఆల్బమ్ 'బ్లీచ్'లో 'అబౌట్ ఎ గర్ల్' వినండి, అందులో అరుపే లేదు. బీటిల్స్ ఆల్బమ్ ఒకటి గంటల తరబడి విని ఆ పాట రాశాడు కోబేన్. ట్యూన్ కట్టడం అతనికి అప్పటికే వచ్చు. ఆ ట్యూన్‌నీ మెల్విన్స్ అనే రాక్ బ్యాండ్ దగ్గర ఒంటబట్టిన మోతనీ ఒకే పాటలో ఎలా ఇమడ్చాలో అతనికి పిక్సీస్ చూపించారని నా నమ్మకం. పిక్సీస్ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. బేసిస్ట్ కోసం వాళ్లిచ్చిన ప్రకటనలో హస్కర్ డూ, పీటర్ పాల్ అండ్ మేరీ రెండూ ఇష్టపడేవాళ్లు కావాలని అడిగారు. ఒకటి హోరెత్తించే పంక్, ఇంకోటి మెత్తని జానపదం. దానికి వచ్చిన మనిషే కిమ్ డీల్.

బోస్టన్ అభిమాని:
ఇది ఒప్పుకుంటాను. పల్లవిలో ట్యూన్ కోబేన్‌దే, అందులో తిరుగులేదు. కానీ ఇంకో మాట. 1988లో పిక్సీస్ ఆల్బమ్ 'సర్ఫర్ రోసా' రికార్డ్ చేసిన స్టీవ్ ఆల్బినీనే నిర్వానా వాళ్లు తమ 1993 ఆల్బమ్ 'ఇన్ యుటెరో'కి పిలిపించుకున్నారు. అంత డబ్బూ పేరూ వచ్చాక కూడా, వాళ్లకి కావలసిన సౌండ్ పిక్సీస్ రికార్డులోనే ఉంది. ఒక్క పాటకి అప్పు తెచ్చుకున్నవాళ్లు అంతదూరం వెళ్లరు. అందుకే మీ తమ్ముడు పూర్తిగా తప్పేమీ కాదు, నిశిరాగం గారూ. కాపీ అన్న మాట ఒక్కటీ మార్చుకోమనండి చాలు.

నిశిరాగం:
చెప్పాను. వాడిప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'టేమ్' నాలుగోసారి వింటున్నాడు.