సమస్యాపూరణం: "పండువైన దినమె పాడుదినము"

నిర్వాహకుడు: సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్యగా ఇస్తున్నది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం; దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు అల్లాలి.

*పండువైన దినమె పాడుదినము*

పండు, వైన, దినమె, పాడు, దినము అని ఐదు సూర్యగణాలు (దీర్ఘంగా పలికే అక్షరం గురువు, పొట్టిగా పలికేది లఘువు; గురువు, లఘువు కలిసినా, మూడు లఘువులైనా సూర్యగణం). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన పొత్తు) పం–పా. పూరణ మాత్రం ఆగస్టు 15న జరిగిన చారిత్రక సంఘటనతోనే చేయాలి. సంవత్సరమూ దేశమూ మీ ఇష్టం. "ఆ రోజుల్లో", "ఆ దరిదాపుల్లో" అంటే చెల్లదు; యతిభంగాన్ని ఎంత ఖండిస్తామో తేదీభంగాన్నీ అంతే ఖండిస్తాం. దారి చూపడానికి ఒకటి చెబుతాను: 1914 ఆగస్టు 15న ఆంకన్ అనే నౌక ప్రయాణంతో పనామా కాలువను తెరిచారు, అప్పటికే ఐరోపాలో మహాయుద్ధం రగులుకోవడంతో తలపెట్టిన ఆర్భాటాన్నంతా తగ్గించుకోవలసి వచ్చింది.

తెనాలి సభ్యుడు: పద్యరచనలో కొత్తవాడిని. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

*ఎర్రకోట పైన నెగిరె జెండా నాడు*
*సరిహద్దు గీత చీల్చె నేల*
*వలస పోయినారు పంజాబు జనులెల్ల*
*పండువైన దినమె పాడుదినము*

నిర్వాహకుడు: మొదటి, మూడో పాదాలు చక్కగా నడిచాయి. 'వలస'కు 'పంజాబు'తో యతి కుదిర్చిన తీరు కొత్తవారి పనిలా లేదు. రెండో పాదమే కుంటింది. 'సరిహద్దు'లో స, రి లఘువులు. ద్దు వెనుక ఉన్నందున హ గురువు. వెరసి 'సల' అనే, సూర్యగణం కన్నా పెద్దదైన ఇంద్రగణం అయింది. అక్కడ ఉండవలసినది సూర్యగణం. పైగా ఐదు గణాల పాదంలో నాలుగే ఉన్నాయి. 'గీత గీసి పుడమి కీలు విఱిచె' అంటే గణాలూ యతీ సరిపోతాయి. చరిత్ర సంగతి వరంగల్లు మాస్టారు చూడాలి.

వరంగల్లు సభ్యుడు (విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు): చూశాను. అబ్బాయి మనసు నొచ్చుకోనంటే చెబుతాను. 1947 ఆగస్టు 15న నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరవేయలేదు. ఆ రోజు వేడుక ఇండియా గేటు దగ్గరి ప్రిన్సెస్ పార్కులో జరిగింది. ఎర్రకోట మీద ఎగిరింది మర్నాడు, 16వ తేదీ ఉదయం. ఏటా 15న ఎర్రకోటను చూసి చూసి మొదటి ఏడాదినీ అందులోనే కలిపేసుకున్నాం. ఇక రాడ్‌క్లిఫ్ గీత (భారత, పాకిస్తానుల సరిహద్దు) ముందే సిద్ధమైనా, దాన్ని ప్రకటించింది 17న. కాబట్టి నిర్వాహకులు సూచించిన సవరణకు గణాలు సరిపోయినా తేదీ సరిపోదు. మూడు పాదాల్లో రెండు కేలెండరు దాటి పడ్డాయి. అన్నట్టు, మా హైదరాబాదు సంస్థానం ఆ నాటికి భారత యూనియన్‌లో లేనే లేదు. అందుకు మరుసటి ఏడు సెప్టెంబరు దాకా ఆగవలసి వచ్చింది. ఆ బాధకు ఈ సమస్య అతికినట్టు సరిపోతుంది కానీ, పద్యం కట్టడం నా వల్ల కాదు.

నిర్వాహకుడు: మాస్టారి దెబ్బ నాకూ తగిలింది. ఒప్పుకుంటున్నాను.

తెనాలి సభ్యుడు: మాస్టారూ, నొచ్చుకోవడం ఎందుకండీ, మీ మాట వల్లనే అసలు పద్యం దొరికింది. గీత 17న వెలువడిందంటే, 15న జెండా కట్టిన కొన్ని ఊళ్లకు తాము ఏ దేశంలో ఉన్నామో తెలియదన్నమాట. బెంగాలులో ముర్షిదాబాదు వారు పాకిస్తాను జెండానూ, ఖుల్నా వారు భారత జెండానూ ఎగరవేశారనీ, గీత వెలువడ్డాక ముర్షిదాబాదు భారతదేశానికి, ఖుల్నా పాకిస్తానుకు వెళ్లాయనీ చదివాను. మళ్లీ ప్రయత్నించాను.

*ఏది దేశ మగునొ యెఱుగని యూరిలో*
*నెత్తినట్టి జెండ యెదురు తిరిగె*
*మూడవ దినమందు ముద్రింప గీతను;*
*పండువైన దినమె పాడుదినము*

రాజమహేంద్రవరం సభ్యురాలు: తమ్ముడూ, మూడో పాదాన్ని గణాలుగా విడగొట్టి చూశారా? మూడ–వదిన–మందు. దేశవిభజన పద్యంలోకి వదినగారూ వచ్చారు, మందూ వచ్చింది!

నిర్వాహకుడు: గణవిభజనలో వచ్చే చుట్టాలను లెక్కపెట్టకూడదమ్మా. మూడవ దినం సంగతి చెప్పినందున తేదీభంగం అంటారేమో అని ఆలోచించాను. జెండా ఎత్తింది 15నే, అది తప్పని తేలింది 17న. సమస్య అడిగిన వైరుధ్యం సరిగ్గా ఆ రెండు రోజుల నడుమే ఉంది. కనుక చెల్లుతుంది. ఒక్క మాట: 'ముద్రింప' కన్నా 'ప్రకటించ' అన్న అర్థం వచ్చే పదం దొరికితే ఇంకా బాగుంటుంది. వెదకండి, తొందర లేదు.

డాలస్ సభ్యుడు: నా పూరణ 1945 నాటిది. జపాను చక్రవర్తి హిరోహితో ఆ మధ్యాహ్నం రేడియోలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు. 1910 నుంచి జపాను ఏలుబడిలో ఉన్న కొరియాకు అదే విముక్తి. ఆ పండుగను దక్షిణ కొరియాలో గ్వాంగ్‌బొక్‌జొల్ అంటారు, వెలుగు తిరిగి వచ్చిన దినమని అర్థం.

*రాజు గొంతు వినుచు లజ్జించి తలవంచె*
*నా జపాను, కొరియ యాడె మురిసి*
*వెలుగు వచ్చెననుచు వేడ్కతో వీథుల;*
*పండువైన దినమె పాడుదినము*

రాజమహేంద్రవరం సభ్యురాలు: రెండు దేశాలను ఒకే పాదంలో ఎదురెదురుగా నిలబెట్టడం నాకు నచ్చింది. ర–ల యతి చెల్లుబాటే. 'లజ్జించి' దగ్గర మాత్రం ఆగిపోయాను. చక్రవర్తి గొంతు అంతకుముందు సామాన్యులెవరూ విని ఎరుగరు. విన్నది ముందు రాత్రి గ్రామఫోను రికార్డు మీదికి ఎక్కించిన ప్రసంగం. అది ఆస్థానపు గ్రాంథిక జపనీసులో ఉండడం వల్లనూ, అందులో 'లొంగిపోవడం' అన్న మాటే లేకపోవడం వల్లనూ చాలామందికి వెంటనే అర్థం కాలేదు. అర్థం కాని మాటకు లజ్జించడం ఎలా? తెల్లబోయి తలవంచారంటే నమ్ముతాను.

వరంగల్లు సభ్యుడు: నాదీ ఒక అభ్యంతరం. సియోల్‌లో జనం పెద్దఎత్తున వీథుల్లోకి వచ్చింది 16న, రాజకీయ ఖైదీలు విడుదలైనప్పుడు. 15న నగరం చాలావరకు నిశ్శబ్దంగానే ఉంది. మళ్లీ తేదీభంగమే!

డాలస్ సభ్యుడు: ఇద్దరి మాటా శిరోధార్యం. వీథుల ఆటను ఇంటి లోపలి మురిపెంగా మార్చాను.

*రాజు గొంతు విన్న రాజ్యంబు తలవంచె*
*నా జపాను, కొరియ యంత మురిసె*
*వెలుగు వచ్చెననుచు వేడ్క లోలోపల;*
*పండువైన దినమె పాడుదినము*

నిర్వాహకుడు: 'లోలోపల' వల్ల పద్యానికి లోతు వచ్చింది. ఏళ్లతరబడి పరాయి పాలనలో ఉన్నవాడు ఆ కబురు వినగానే గంతులు వేయడు, ముందు తలుపు వేసుకుని నిజమేనా అని అడుగుతాడు. చరిత్ర ప్రకారం దిద్దితే కవిత్వం కూడా బాగుపడడం తరచు జరిగే పని కాదు.

కర్నూలు సభ్యుడు: నాది 1975. బంగ్లాదేశ్ వ్యవస్థాపకుడు, 'వంగబంధు' షేక్ ముజిబుర్ రెహమాన్‌ను ఢాకాలోని ధన్‌మండి ఇంట్లో, కుటుంబంలో అధికభాగంతో సహా, తెల్లవారుజామున సైనికులు చంపిన రోజు. విదేశంలో ఉన్న ఇద్దరు కుమార్తెలు బతికారు.

*ఇచట జెండ లెగుర నచట రక్తము పాఱె*
*ఢాక మేడ మెట్ల డాసి యొరిగె*
*వంగబంధు, నాడు భారతావనిఁ జూడ*
*పండువైన దినమె పాడుదినము*

తెనాలి సభ్యుడు: మొదటి పాదంలో ఇ–అ లకు యతి తప్పినట్టుంది కదండీ?

నిర్వాహకుడు: తప్పలేదు. 'ఇచట', 'నచట' లలో రెండో అక్షరం చకారమే కాబట్టి అది ప్రాసయతి, ఆటవెలదిలో చెల్లుతుంది. పద్యం ఒప్పే కానీ 'భారతావనిఁ జూడ' పాదం నింపడానికి వచ్చినట్టుంది. 'ఇచట' అన్న తర్వాత భారతదేశాన్ని మళ్లీ పేరు పెట్టి పిలవనక్కర్లేదు. ఆ ఏడు ఇక్కడ అత్యవసర పరిస్థితి అమలులో ఉందన్న సంగతి ఆ చోట చెప్పి ఉంటే సమస్యకు రెండో అంచు వచ్చేది.

విజయనగరం సభ్యురాలు: అందరూ పాడును చెడుగానే చూస్తున్నారు. నేను పాడించి చూస్తాను.

*నడికిరేయి దాటి నవభారతము లేచె*
*సభకు నా సుచేత జనగణమన*
*గొంతు విప్పి యనగఁ గోటి గుండెలు పొంగె;*
*పండువైన దినమె పాడుదినము*

నిర్వాహకుడు: ఆహా! పాడు దినము, అంటే పాట పాడే దినము. ఒక్క విరుపుతో సమస్యలోని వైరుధ్యం ఎగిరిపోయింది. 'జనగణమన'లోని ఆరు లఘువులూ రెండు సూర్యగణాలై ఒదిగిపోవడం, 'సభకు'తో స–జ యతి కుదరడం చూసి ఆ పాదాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. మాస్టారూ, తేదీ?

వరంగల్లు సభ్యుడు: పట్టుకుందామనే చూశాను, దొరకలేదు. రాజ్యాంగసభ ఆ రాత్రి 11 గంటలకు సమావేశమైనప్పుడు సుచేతా కృపలానీ వందేమాతరం పాడారు, అది 14వ తేదీ లెక్కలోకి వస్తుంది. జనగణమన పాడింది అర్ధరాత్రి దాటాక, సభ ముగింపులో. అమ్మాయి 'నడికిరేయి దాటి' అని ముందే గడియ బిగించింది.

రాజమహేంద్రవరం సభ్యురాలు: ఇక నా వంతు. నా పూరణలో రెండు ఆగస్టు 15లు ఉన్నాయి. క్విట్ ఇండియా తీర్మానం మర్నాడు అరెస్టయిన గాంధీతో పాటు పూనా ఆగాఖాన్ భవనంలో బందీగా ఉన్న ఆయన కార్యదర్శి మహాదేవ్ దేశాయ్, ఆరు రోజులకే, 1942 ఆగస్టు 15న గుండె ఆగి పోయారు. పాతికేళ్లు తన వెంట నడిచిన మనిషి దేహానికి గాంధీయే స్వయంగా స్నానం చేయించారు.

*చెఱను గన్ను మూసె శిష్యుండు దేశాయి*
*ఐదు వత్సరముల కదియె దినము*
*దేశమెల్ల వెలుగ దీక్షనుండెను గాంధి*
*పండువైన దినమె పాడుదినము*

నిర్వాహకుడు: రెండో పాదం మొదట అచ్చును అలా వదిలేస్తే విసంధి (సంధి చేయవలసిన చోట చేయకపోవడం) అవుతుంది. 'యైదు వత్సరముల' అనండి, యతికీ భంగం లేదు. 'కదియె'లో దాగిన అకారంతో ఐకారానికి యతి కుదిర్చిన నేర్పు మెచ్చుకోదగినది.

వరంగల్లు సభ్యుడు: తేదీలు రెండూ సరిగ్గా ఉన్నాయి. అయితే, అమ్మా, గాంధీకి అది 'పాడుదినం' అనడం న్యాయమేనా? ఆ రోజు ఆయన కలకత్తా బేలియాఘాటాలో, హైదరీ మంజిల్ అనే పాత ఇంట్లో, ముస్లిం లీగ్ నాయకుడు సుహ్రవర్దీతో కలిసి ఉన్నారు. ఏడాదిగా కొట్టుకుచస్తున్న హిందువులూ ముస్లిములూ ఆ నగరంలో ఆ ఒక్క రోజు కావలించుకుని తిరిగారు. పంజాబుతో పోలిస్తే కలకత్తాకు అది మంచి రోజే.

రాజమహేంద్రవరం సభ్యురాలు: ఆలోచించాను మాస్టారూ. ఆయన ఉపవాసాన్ని విభజన దుఃఖంగా మాత్రమే చెప్పుకుంటాం. కానీ అది దేశాయ్ ఐదో వర్ధంతి కూడా. ఆత్మీయుల వర్ధంతులకు ఉపవాసం ఉండడం, భగవద్గీత మొత్తం పారాయణ చేయించడం ఆయన అలవాటు. ఆ రోజూ అదే చేశారు. దేశం మొత్తానికి జెండా పండుగ అయిన వేళ, ఆ ఇంట్లో ఒక మనిషిని తలచుకునే తద్దినం కూడా జరిగింది. నేను చెప్పదలచింది అంతే.

విజయనగరం సభ్యురాలు: అయితే అక్కా, గీత పారాయణ అంటే పాడడమే కదా. మీ పద్యంలోనూ అది పాడు దినమే. మూడో పాదంలో 'దీక్ష' ఉంది కానీ గీత లేదు. ఆ ఒక్క మాట చేరితే నా విరుపు మీ పద్యంలో కూడా పలుకుతుంది.

రాజమహేంద్రవరం సభ్యురాలు: చేర్చాను చెల్లీ. తాతను ఉంచుకుని దేశాన్ని వదులుకున్నాను.

*చెఱను గన్ను మూసె శిష్యుండు దేశాయి*
*యైదు వత్సరముల కదియె దినము*
*గీత వినుచు నుండెఁ గీర్తి వీడిన తాత*
*పండువైన దినమె పాడుదినము*

తెనాలి సభ్యుడు: నా పద్యంలోనూ గీతే ఉందండీ, మూడో పాదం చివర.