సాఫ్ట్‌వేర్ మానేసి 34 ఏళ్లకి ఎం.ఆర్క్: మొదటి సెమిస్టర్ అయ్యాక కూడా మంచి పనే అంటాను

పెన్సిల్‌పొట్టు:
పదేళ్లు బ్యాకెండ్‌లో పనిచేసి, ఉద్యోగం మానేసి, మొన్న ఆగస్టులో ఇక్కడ అమెరికాలో ఎం.ఆర్క్‌లో (ఆర్కిటెక్చర్ పీజీలో) చేరాను. బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) లేనివాళ్ల కోసం మూడు, మూడున్నరేళ్ల కోర్సు ఉంటుంది కదా, అది. బీటెక్ వాళ్లు, సాహిత్యం చదివినవాళ్లు, నర్సులు అందరికీ అదే దారి. చేరేముందు అడిగిన ప్రతివాళ్లూ "పిచ్చా?" అన్నారు. డిసెంబర్లో ఫైనల్ రివ్యూ (జ్యూరీ ముందు పని చూపించడం) అయిపోయింది. ఇప్పుడు నేనంటున్నాను: సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లకి ఇది అనుకున్నంత పరాయి చదువు కాదు, ముప్పై దాటాక చేరితే నష్టం కంటే లాభమే ఎక్కువ. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

మొదట్లో బిల్డింగ్ ఊసే ఎత్తలేదు. మేకూ జిగురూ లేకుండా రెండు కర్రముక్కలు ఒకదాన్నొకటి పట్టుకునేలా జాయింట్ చెయ్యమన్నారు. తర్వాత తలా ఒక పాత ఇల్లు ఇచ్చి విప్పి చూపించమన్నారు. నాకు ప్రాగ్‌లోని విల్లా ముల్లర్ వచ్చింది. అడాల్ఫ్ లూస్ కట్టింది, 1930లో పూర్తయింది. ఆ ఇంట్లో గదులు అంతస్తుల లెక్కన ఉండవు. హాల్లోంచి కొన్ని మెట్లెక్కితే భోజనాల గది, ఇంకొన్ని ఎక్కితే ఇల్లాలి గది. ఒక్కో గది కప్పు ఒక్కో ఎత్తులో. ప్లాన్ గీస్తే ఇదంతా చదునుగా పడిపోతుంది, ఏమీ తెలీదు. సెక్షన్ కోసి, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు గీసి, అడుగుకి పావు అంగుళం స్కేల్లో మోడల్ చేశాక గానీ ఆయన ఇంటిని గదుల ఎత్తులతో ఆలోచించాడని బుర్రకెక్కదు. పదేళ్ల ఉద్యోగంలో నా బుర్రకి అంత పని ఎప్పుడూ పడలేదు.

పాత ఉద్యోగం నేర్పిన ఒక అలవాటు ఇక్కడ బాగా పనికొచ్చింది. ఎంత వంకరగా ఉన్నా సరే, నడిచే వెర్షన్ ఒకటి ముందు చూపించెయ్యడం. పక్క డెస్కుల్లో ఇరవై రెండేళ్ల పిల్లలు గొప్ప ఐడియా కోసం వారం రోజులు కూర్చునేవాళ్లు. నేను చిప్‌బోర్డ్ ముక్కలతో ఏదో ఒకటి అతికించి డెస్క్ క్రిట్‌కి, అంటే టీచర్ డెస్కు దగ్గరికొచ్చి పని చూసేటప్పుడు, పెట్టేదాన్ని. దాన్ని తిడితే ఇంకోటి. ఇంకో అలవాటు మాత్రం ఇక్కడ చెల్లదు: స్పెక్, అంటే ఏం కావాలో ముందే రాసిచ్చే లెక్క, అడగడం. చివరి ప్రాజెక్ట్ నది ఒడ్డున పడవల షెడ్డు. "ఎన్ని పడవలు?" అంటే "ఎన్నుంటే బావుంటుంది?" అని ఎదురడుగుతారు.

డల్లాస్‌బావ:
సెక్షన్ బావుంది, మోడల్ బావుంది. లెక్క చెప్పండి. ఇక్కడి కార్మిక శాఖ 2023 మే లెక్కల్లో సాఫ్ట్‌వేర్ డెవలపర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 1,32,270 డాలర్లు, ఆర్కిటెక్టులది 93,310. అది కూడా తలనెరిసిన సీనియర్లని కలుపుకుని. కొత్తగా డిగ్రీ పట్టుకొచ్చినవాళ్లకి అంత రాదు. మూడున్నరేళ్ల ఫీజు, రాని జీతం, 401కే రిటైర్మెంట్ ఖాతాలో పడని డబ్బు కలిపి చూడండి. ఇల్లు గీయడం నేర్చుకోడానికి ఒక ఇల్లు పోగొట్టుకోవడం నాకర్థం కాదు.

సిటిజన్లయినా ఇకమీదట సులువు కాదు. కొత్తగా చేరేవాళ్లకి 2026 జూలై 1 నుంచి గ్రాడ్ ప్లస్ అప్పులు (పీజీ వాళ్లకి ప్రభుత్వం ఇచ్చేవి) లేవు. మామూలు పీజీకి ఫెడరల్ అప్పు ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్లు దాటదు. డాక్టర్లకీ లాయర్లకీ రెండు లక్షల దాకా ఇస్తారు. ఆ వృత్తి కోర్సుల జాబితా ప్రతిపాదనలో ఆర్కిటెక్చర్ లేదని ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ గోలపెట్టింది కూడా.

సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి. ఇంట్లో ఇంకో జీతం ఉందా? ఉంటే ఇది సరదా. సరదా అని ఒప్పుకుంటే నాకేం పేచీ లేదు.

కాకినాడ_కాజా:
బావగారూ, మగాడు ఉద్యోగం మానేసి ఎంబీయేలో చేరితే "రిస్క్ తీసుకున్నాడు" అంటారు. ఆడది చేరితే ఇంట్లో ఇంకో జీతం ఉందా అని ఆరా. మీ ఎమ్మెస్‌కి నాన్నగారు పొలం తాకట్టు పెట్టినప్పుడు ఎవరైనా దాన్ని సరదా అన్నారా?

పైగా పేరున్న డచ్ ఆర్కిటెక్ట్ రెమ్ కూల్హాస్ మొదట జర్నలిస్టు. ఆ తర్వాతే లండన్ వెళ్లి ఆర్కిటెక్చర్ చదివాడు.

డల్లాస్‌బావ:
1968లో, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లకి. అప్పటికి ఆయనకి హోమ్ లోన్ ఉందని నేననుకోను. పొలం మాట నిజమేలెండి, కానీ ఆ తాకట్టు విడిపించింది సాఫ్ట్‌వేర్ జీతమే.

పెన్సిల్‌పొట్టు:
ఇంకో జీతం ఉంది. ఫీజు మాత్రం నా పదేళ్ల పొదుపులోంచి. సరదా అన్న మాట నాకేం తప్పుగా అనిపించలేదు. సరదా లేకుండా పదేళ్లు చేసి చూశాగా.

ఇటుకరాయి:
హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో బి.ఆర్క్ చేసి, ఇక్కడ లైసెన్స్ తీసుకుని, షికాగోలో పనిచేస్తున్నాను. డబ్బు గొడవ పక్కన పెట్టండి, నా అభ్యంతరం వేరు.

అమ్మా, మీకు స్కూలు నచ్చింది. వృత్తి నచ్చుతుందో లేదో మీకింకా తెలీదు. పెళ్లిచూపుల్లో కాఫీ బావుందని కాపురం మాట చెప్పలేం. విల్లా ముల్లర్ సెక్షన్ కోసే పని మీకు మళ్లీ దొరక్కపోవచ్చు. డిగ్రీ అయ్యాక ముందు పెట్టేది రెవిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తలుపుల షెడ్యూల్: ఏ తలుపుకి ఏ గొళ్లెం, ఎటు తెరుచుకోవాలి, మంటల్ని ఎంతసేపు ఆపాలి. మెట్టు ఎత్తు 7 అంగుళాలు దాటకూడదు, పాదం పెట్టే చోటు 11కి తగ్గకూడదు. టాయిలెట్‌లో చక్రాల కుర్చీ తిరగడానికి 5 అడుగుల వృత్తం పట్టాలి. అది పట్టక గోడ రెండంగుళాలు జరిపితే పక్కగదిలో ఇంకేదో చెడుతుంది. సైటు నుంచి కాంట్రాక్టర్ పంపే ప్రశ్నలకి జవాబులు రాయడంలో వారాలు గడిచిపోతాయి.

లైసెన్స్ వేరే. అనుభవం లెక్కగట్టే ఏఎక్స్‌పీ కింద 3,740 గంటల అనుభవం, అంటే ఫుల్‌టైమ్‌గా చేసినా రెండేళ్లకి దగ్గర. ఆపైన ఏఆర్ఈ, ఆరు పరీక్షలు. అవి పాసయ్యేదాకా ఆర్కిటెక్ట్ అని చెప్పుకోడానికి లేదు. ముప్పై నాలుగులో చేరినవాళ్లకి నలభై దాటొచ్చు.

స్టూడియోలో రాత్రిళ్లు మేలుకోవడం గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కావాలనే వదిలేశారా?

అన్నం_వండేవాడు:
ఆ ముక్క నేను రాస్తా. మా ఆవిడ కూడా ఇదే కోర్సు, మొదటి సంవత్సరం. బాబుకి ఐదేళ్లు. ఫైనల్ రివ్యూ ముందు వారాల్లో లేజర్ కటర్ స్లాట్ అర్ధరాత్రి దాటాక దొరికిందని వెళ్లేది. "అమ్మేదిరా?" అంటే "మోడల్ దగ్గర" అనేవాడు వాడు. ఫోన్లో అత్తగారు "ఈ వయసులో చదువేంటి" అనేవారు, మా అమ్మ ఆ మాట కూడా అనేది కాదు, ఊరుకునేది. ఆ ఊరుకోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది.

నేను వద్దనడం లేదు. తను ఇంత ఉత్సాహంగా మాట్లాడి చాలా ఏళ్లయింది, అది నాక్కావాలి. కానీ డల్లాస్ అన్నయ్య లెక్కలో డబ్బు మాత్రమే ఉంది. మా ఇంట్లో కొరత పడింది డబ్బు కాదు, రాత్రిళ్లు. రివ్యూకి వెళ్లాను కూడా. నిద్రలేని మనిషి ఇరవై నిమిషాలు మాట్లాడితే, ఎవరో జ్యూరీ పెద్దాయన "మీ డ్రాయింగ్స్‌లో లైన్ వెయిట్ (గీతల మందం) అంతా ఒకేలా ఉంది" అని కూర్చున్నాడు.

పెన్సిల్‌పొట్టు:
ఇటుకరాయి గారూ, వదిలేయలేదు, మీరడుగుతారనే ఉంచాను. నేను రాత్రి పదికి స్టూడియో నుంచి బయటపడేదాన్ని, రివ్యూ ముందురోజు కూడా. ఇరవై రెండేళ్ల వయసులో అయితే నాకు ఆ ధైర్యం ఉండేది కాదు, అందరూ కూర్చుంటే నేనూ కూర్చునేదాన్ని. ప్రొడక్షన్ (జనం వాడుతున్న సిస్టమ్) పడిపోతే తెల్లవార్లూ కూర్చుని ఫిక్స్ పెట్టినవాళ్లకి తెలుసు, మూడింటికి రాసిన కోడ్‌ని తొమ్మిదింటికి తీసి పారెయ్యాలని. అర్ధరాత్రి అతికించిన బాస్‌వుడ్ (మోడల్ చేసే మెత్తటి కర్ర) కూడా అంతే. వయసు లాభం అన్నది అందుకే.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. విద్యార్థి సంఘం ఏఐఏఎస్ 2002లోనే స్టూడియో సంస్కృతి మీద రిపోర్ట్ ఇచ్చింది, నిద్ర మానడం గొప్ప అనే నమ్మకాన్ని తప్పుబట్టింది. ఆ తర్వాత అక్రిడిటేషన్ ఇచ్చే నాబ్, ప్రతి స్కూలూ దీని మీద రాతపూర్వకంగా ఒక పాలసీ పెట్టుకోవాలంది. మా స్కూల్లోనూ ఉంది, గోడకి అంటించి. దాని కిందే స్లీపింగ్ బ్యాగ్‌లో ఒకడు పడుకుని ఉంటాడు.

తలుపుల షెడ్యూల్ సంగతి. అది చూసి బెదిరేది ఇప్పుడే కాలేజీ దాటిన పిల్లలు. పదేళ్లు లాగ్ ఫైళ్లు (సిస్టమ్ రాసుకునే చిట్టాలు) చదివిన మనిషిని, గొళ్లేల జాబితాకి భయపడతానా?

ఇటుకరాయి:
మంచి జవాబే. అయినా సగమే ఒప్పుకుంటా. లాగ్ చదివే ఓపిక ఉందన్నారు, సరే. లాగ్ చదవలేకే కదా ఉద్యోగం మానేసింది?

కాకినాడ_కాజా:
అబ్బ, తగిలింది 😀

ట్యాంక్‌బండ్_పోరడు:
అక్కా, నేను హైదరాబాద్ల బి.ఆర్క్ నాలుగో సంవత్సరం. మీకు అక్కడ మూడున్నరేండ్లల్ల అయిపోతది. ఈడ బీటెక్ చేసినోనికి ఆ దారే లేదు. ఎం.ఆర్క్ కావాలంటే బి.ఆర్క్ ఉండాలె. బి.ఆర్క్ అంటే మల్ల నాటానో జేఈఈ మెయిన్ రెండో పేపరో రాసి, ఐదేండ్లు. మా అన్న టీసీఎస్ల చేస్తడు, నీలెక్కనే అనుకున్నడు, ఐదేండ్లు అనంగనే సప్పుడు చేస్తలేడు.

ఇంకోటి. ఆడ చదివి ఈడికొస్తే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ల రిజిస్టర్ గావాలె. 1972 చట్టం ప్రకారం రిజిస్టర్ కానోడు ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టొద్దు. 2020ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, ఆ చట్టం పేరు వాడుకునుడునే ఆపుతది, డిజైన్ పనిని కాదు అన్నది. గని పేరు లేకుంట ఎవడిస్తడు పని? గందుకని వాపస్ వచ్చే ఆలోచన ఉంటే చేరకముందే కౌన్సిల్‌కి లెటర్ పెట్టి అడుగుర్రి.

నిజం చెప్తున్న, జెర కుళ్లు కూడ ఉంది. మేం ఐదేండ్లు జ్యూరీలల్ల తిట్లు తింటున్నం.

ఇటుకరాయి:
కుళ్లుకోకు తమ్ముడూ. వాళ్లు ఒక డిగ్రీ ముందే చేసొచ్చారు, కలిపితే నీకంటే ఎక్కువే. కానీ నీ మాటలో ఒక నిజం ఉంది. చెయ్యి తిరగడానికి ఐదేళ్లు వేరు, మూడున్నర వేరు. మా ఆఫీసుకి వచ్చే ఈ బాపతు ఎం.ఆర్క్ వాళ్లు మాట్లాడతారు బ్రహ్మాండంగా, గోడ డీటెయిల్ గీయమంటే తడబడతారు. రెండేళ్లలో సర్దుకుంటారు, అది వేరే సంగతి.

స్టాంపింగ్_క్యూ:
వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు, మనవాళ్లలో సగం మందికి అదే అసలు ప్రశ్న. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదివితే ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అనుమతి, 12 నెలలు. ఇంకో 24 నెలలు కావాలంటే కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉండాలి. ఎం.ఆర్క్ పేరు ఒకటే అయినా స్కూలుని బట్టి కోడ్ మారుతుంది. 04.0902 అయితే స్టెమ్, 04.0201 అయితే కాదు. స్కూలిచ్చే ఐ-20 ఫారం మీద ఉంటుంది, సీటు ఒప్పుకునేముందే అడగండి.

హెచ్-1బీ (ఉద్యోగ వీసా) నుంచి ఎఫ్-1కి మారితే దాని ఆరేళ్ల గడువులో మిగిలిన కాలం పోదు, తర్వాత లాటరీ లేకుండా వాడుకోవచ్చు. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయ్యుంటే ప్రయారిటీ డేట్ (వరసలో మీ చోటు) కూడా మామూలుగా నిలుస్తుంది. అయితే గ్రీన్‌కార్డ్ వరసలో ఉండి ఎఫ్-1 అడిగితే "తిరిగి వెళ్తావా?" అన్న ప్రశ్న వస్తుంది, అది లాయర్‌తో తేల్చుకోండి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త వీసా) వాళ్లు అలాగే చదువుకోవచ్చు గానీ ఓపీటీ ఉండదు, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేకపోతే వేసవి ఇంటర్న్‌షిప్‌కీ దారి లేదు.

డల్లాస్‌బావ:
అసలు డిగ్రీ ఎందుకు? రైనో, గ్రాస్‌హాపర్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లలో స్క్రిప్టులు రాసేవాళ్లు పెద్ద ఆర్కిటెక్చర్ ఆఫీసులకి కావాలి. పదేళ్ల కోడింగ్‌తో అక్కడ చేరండి, జీతం తీసుకుంటూ ఆ వృత్తిని దగ్గర్నుంచి చూడండి. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో అనుభవంతో కూడా లైసెన్స్‌కి దారి ఉంది కదా.

పెన్సిల్‌పొట్టు:
ఉంది, చాలా ఏళ్ల దారి. నేను చేరేముందు ఆ ఉద్యోగాలూ చూశాను. అక్కడ చేరితే నన్ను ఆర్కిటెక్టుల పక్కన కూర్చున్న సాఫ్ట్‌వేర్ మనిషిగానే చూస్తారు. షెడ్డులో ఎన్ని పడవలుండాలో వాళ్లు తేలుస్తారు, నేను వాటిని వరసగా పేర్చే స్క్రిప్ట్ రాస్తాను. నాకు ఆ మొదటి ప్రశ్న కావాలి.

ఇటుకరాయి గారి ప్రశ్నకి: లాగ్ చదవలేక కాదు, చదివి బాగుచేసింది ఏమిటో చేత్తో చూపించలేక మానేశాను. ఇది సరైన జవాబో కాదో మీ ఆఫీసు లాంటి చోట కూర్చుంటే గానీ తేలదు, అది ఒప్పుకుంటున్నా. అందుకే మే నుంచి ఆగస్టు దాకా ఊళ్లోనే ఒక చిన్న ఆఫీసులో అడిగాను. స్కూల్ రినోవేషన్లు చేస్తారట, రమ్మన్నారు. తలుపుల షెడ్యూలే ఇస్తారేమో.

ఇటుకరాయి:
స్కూల్ రినోవేషన్ అయితే పాత బిల్డింగ్ కొలతలు తీసే పని కూడా ఉంటుంది, అది అడిగి మరీ తీసుకోండి. చేరిన రోజే ఏఎక్స్‌పీ నడిపే ఎన్‌కార్బ్‌లో రికార్డ్ తెరవండి. డిగ్రీ అవ్వకపోయినా గంటలు లెక్కలోకి వస్తాయి. మీ పై ఆర్కిటెక్ట్‌తో అప్పటికప్పుడు సంతకం చేయించుకోండి, ఎనిమిది నెలలు దాటాక పంపినవాటికి సగమే లెక్కిస్తారు.