ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో చూడటం: పనికొచ్చే పరీక్షా, పాడుచేసే పనా?

తెనాలి డీజిల్
నిన్న సాయంత్రం జరిగిన గొడవ ఇది. ఎవరిది కరెక్టో మీరే తేల్చండి.

నాది 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. నెల రోజులుగా పొద్దున పూట సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. రాత్రిపూట లైట్లు, ఏసీ కలిపి వేస్తే హెడ్‌లైట్ల వెలుగు తగ్గుతోంది. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రలైటు మాత్రం ఇంజిన్ స్టార్ట్ కాగానే మామూలుగానే ఆరిపోతోంది. వైరింగ్ షాపుకి తీసుకెళ్తే మేస్త్రి ఇంజిన్ స్టార్ట్ చేయించి, కాస్త రేస్ ఇమ్మని, టెన్ నంబర్ స్పానర్‌తో నెగటివ్ టెర్మినల్ వదులు చేసి పైకి లాగేశాడు. ఇంజిన్ ఆగలేదు. "డైనమో (ఇంజిన్‌తో తిరిగి బ్యాటరీని చార్జ్ చేసేది) బంగారం. బ్యాటరీ పోయింది, మార్చెయ్" అన్నాడు. పక్కనున్న మా బావమరిది "ఈ రోజుల్లో కూడా అలా పీకుతారా? ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) కాలిపోతే ఎవరిస్తారు?" అని లేచాడు. మేస్త్రి "నీ వయసంత అనుభవం నాది" అన్నాడు. మధ్యలో నేను నలిగిపోయి, బ్యాటరీ కొనకుండా బండి ఇంటికి తెచ్చేశాను.

ఆ పరీక్ష సరైనదేనా? బ్యాటరీ కొననా, వద్దా?

వైరింగ్ షాపు
బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. టెర్మినల్ పీకి చూసిన బండ్లకి లెక్కే లేదు. నా చేతిలో ఒక్క ఈసీయూ కూడా పోలేదు. ఇంజిన్ నడిస్తే డైనమో చేస్తోంది, ఆగితే చేయట్లేదు. రెండు సెకన్ల పని. మీటరు పెట్టుకుని అంకెలు రాసుకుంటూ కూర్చుంటే కస్టమర్ పక్క షాపుకి పోతాడు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. రేస్ ఇచ్చి పీకడం తప్పు. ఐడిలింగ్‌లో పెట్టి, లైట్లు, ఏసీ అన్నీ ఆపి పీకాలి. మీ ఊరి మేస్త్రి తొందరపడ్డాడు.

పాత జీపు
మేస్త్రి గారూ, "డైనమో" అనే మాటే చెప్తోంది ఈ పద్ధతి ఏ కాలం నాటిదో. నా కుర్రతనంలో జీపులకీ అంబాసిడర్లకీ ఉన్నది అసలు డైనమో. కమ్యుటేటర్ ఉన్న డీసీ జనరేటర్ అది, దానికి వేరే కటౌట్ డబ్బా. ఐడిలింగ్‌లో చార్జింగే ఉండేది కాదు, ఎర్రలైటు మిణుకుమంటూ ఉండేది. దాని పని చేసే ఆల్టర్నేటర్ వచ్చాక వస్తువు మారింది గానీ పేరూ మారలేదు, పరీక్షా మారలేదు. ఓల్టేజీని అదుపులో ఉంచే లోపలి రెగ్యులేటర్‌ని ఇప్పటికీ కటౌట్ అనే అంటాం.

ఇంకో సంగతి. మా డీజిల్ జీపుకి బ్యాటరీ మొత్తం తీసి గట్టు మీద పెట్టినా ఇంజిన్ ఆగేది కాదు. దానికి కారణం డైనమో కాదు, మెకానికల్ పంపు! ఒకసారి స్టార్టయ్యాక ఆ ఇంజిన్‌కి కరెంటుతో పనే లేదు. అలాంటి బండి మీద ఈ పరీక్ష చేసి "డైనమో బంగారం" అన్నవాళ్లని నేను కళ్లారా చూశా.

వైరింగ్ షాపు
పెద్దాయనా, ట్రాక్టర్‌కీ జీపుకీ ఇంజిన్ చూసి ఎవడు చెప్తాడండీ? లైటు వేసి పీకుతాం. లైటు నిలిస్తే చార్జింగ్ ఉన్నట్టు. ఆ మాత్రం తెలీదనుకున్నారా!

స్టేటర్
ఆటోమొబైల్ ఎలక్ట్రానిక్స్‌లో పని చేస్తున్నాను. గొడవ ఈసీయూ చుట్టూ తిరుగుతోంది కాబట్టి ముందు అది.

ఆల్టర్నేటర్ బ్యాటరీలోకి 40, 50 ఆంపియర్లు తోస్తున్న క్షణంలో టెర్మినల్ పీకారనుకోండి. ఆ కరెంటుకి వెళ్లే దారి ఒక్కసారిగా మూసుకుపోతుంది. రెగ్యులేటర్ వెంటనే రోటార్‌కి (లోపల తిరిగే అయస్కాంతానికి) కరెంటు ఆపినా, రోటార్ కాయిల్లో అయస్కాంత శక్తి కరగడానికి కొంత టైం పడుతుంది. ఆలోగా ఓల్టేజీ ఎగిరిపోతుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. ఐఎస్ఓ 16750-2 ప్రమాణం ప్రకారం 12 వోల్టుల బండ్ల విడిభాగాలకి పెట్టే పరీక్షలో, అడ్డుకట్ట లేని ఆల్టర్నేటర్ అయితే ఇది 79 నుంచి 101 వోల్టుల దాకా వెళ్తుంది, 40 నుంచి 400 మిల్లీసెకన్లు ఉంటుంది. ఇప్పటి ఆల్టర్నేటర్లలో చాలావాటికి దాన్ని 35 వోల్టుల దగ్గర ఆపేసే జెనర్ రకం డయోడ్లు ఉంటాయి. ఈసీయూలని కూడా ఈ దెబ్బ కాసుకునేలా తయారుచేస్తారు. మేస్త్రి గారు ముప్పై ఏళ్లు గట్టెక్కింది వాటి పుణ్యమే.

ఐడిలింగ్‌లో, లోడు లేకుండా పీకితే దెబ్బ చిన్నదన్న ఆయన మాట నిజం. పారే కరెంటు తక్కువ కాబట్టి ఎగిరే ఓల్టేజీ కూడా తక్కువే. కానీ మనం బయట కొని తగిలించిన ఎల్‌ఈడీ బల్బులు, డ్యాష్‌క్యామ్, స్టీరియో ఆంప్లిఫైయర్ ఏ ప్రమాణం ప్రకారం చేశారో ఎవరికి తెలుసు?

అసలు నా అభ్యంతరం అది కూడా కాదు. ఈ పరీక్ష చెప్పేది చాలా తక్కువ. ఆల్టర్నేటర్ లోపల మూడు ఫేజులు (మూడు కాయిళ్ల కరెంటు), దాన్ని డీసీగా మార్చే ఆరు మెయిన్ డయోడ్లు ఉంటాయి. ఒక డయోడు ఓపెన్ అయినా మిగతావాటితో ఇంజిన్ హాయిగా నడుస్తుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్‌కి కావలసింది పది పదిహేను ఆంపియర్లు. అది ఇచ్చినంత మాత్రాన రాత్రి వానలో లైట్లు, వైపర్లు, బ్లోయర్, ఏసీ కలిపి వేసినప్పుడు ఇస్తుందని ఎలా చెప్తాం? పోనీ ఇంజిన్ ఆగిపోయిందనుకోండి, ఆల్టర్నేటర్ చెడిపోయిందనీ చెప్పలేం. బ్యాటరీ ఊతం లేక ఓల్టేజీ ఊగిపోయి మంచి ఆల్టర్నేటర్ ఉన్న బండి కూడా ఆగొచ్చు.

ట్యాక్సీ స్టాండ్
ఈసీయూ సంగతి అట్లుంచండి, నిప్పురవ్వ సంగతి ఎవరూ మాట్లాడరేం? చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. దాని నెత్తి మీదే టెర్మినల్ పీకితే చిటుక్కుమంటుంది. మా స్టాండులో ఒకతనికి బ్యాటరీ మూత పగిలి యాసిడ్ చొక్కా మీద పడింది, కళ్లజోడు ఉండబట్టి బతికిపోయాడు.

అట్లని మీటరు పట్టుకున్నోళ్లంతా గొప్పోళ్లు అనకండి. నాది బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) కారు. ఒక షాపులో మీటరు పెడితే ఇంజిన్ నడుస్తుండగా 12.7 చూపించింది. "పద్నాలుగు రావాలి, ఆల్టర్నేటర్ పోయింది" అని 14 వేలు పెట్టి మార్పించారు. కొత్తది కూడా 12.7 చూపించింది! పాతది వాళ్ల దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఎవరికి అమ్ముకున్నారో దేవుడికెరుక.

స్టేటర్
అన్నా, మీ డబ్బు పోయింది గానీ చర్చకి కావలసిన పాయింటు మీరే చెప్పారు. "ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి" అనేది పాత రకం రెగ్యులేటర్ లెక్క. కొత్త బండ్లలో చాలావాటిలో ఎన్ని వోల్టులు ఇవ్వాలో ఈసీయూ చెప్తుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటుంది చూడండి, అది బ్యాటరీ ఎంత నిండిందో లెక్క కడుతుంది. నిండి ఉంటే డీజిలు ఆదా కోసం చార్జింగ్ తగ్గించేస్తుంది, యాక్సిలరేటర్ వదిలి బండి నెమ్మదిస్తున్నప్పుడు గట్టిగా పెంచుతుంది. అలాంటి కారులో హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లుగా వేసి చూడాలి, లేదంటే స్కానర్ పెట్టి ఈసీయూ అడిగిన ఓల్టేజీ, వచ్చిన ఓల్టేజీ పక్కపక్కన చూడాలి. ఒక్క అంకె చూసి తీర్పు ఇవ్వడం, టెర్మినల్ పీకి తీర్పు ఇవ్వడం, రెండూ ఒకలాంటివే.

సెన్సార్ ఉన్న బండికి జంపర్ కేబుల్ పెట్టినా, చార్జర్ పెట్టినా నల్ల క్లిప్పు బ్యాటరీ పోస్టుకి కాకుండా బాడీ ఎర్త్ పాయింటుకే తగిలించాలి. లేకపోతే సెన్సార్ లెక్క తప్పుతుంది.

డాలస్ బాబాయ్
ఇక్కడ అమెరికాలో విడిభాగాల గొలుసు దుకాణాల్లో బ్యాటరీ, ఆల్టర్నేటర్ ఫ్రీగా టెస్ట్ చేస్తారు. బాగానే ఉంటుంది గానీ, అమ్ముకునేవాడే పరీక్ష చేస్తే ఫలితం ఎలా వస్తుందో మీరే ఆలోచించుకోండి. బ్యాటరీ సగం దిగిపోయి ఉన్నప్పుడే పరీక్షపెట్టి "ఆల్టర్నేటర్ ఫెయిల్" అని చీటీ ఇచ్చారు నాకు. ఇంట్లో రాత్రంతా చార్జర్ పెట్టి మర్నాడు వేరే బ్రాంచికి వెళ్తే పాస్.

స్టేటర్
తెనాలి డీజిల్ గారూ, మీది సెన్సార్ లేని బండి అయితే ఓ అరగంట నా మాట వినండి. రేపు పొద్దున తలుపు తెరిచి పది నిమిషాలు ఆగి, ఏమీ ఆన్ చేయకుండా బ్యాటరీ పోస్టుల మీద మీటరుతో వోల్టులు చూడండి. నిండు బ్యాటరీ 12.6, సగం దిగింది 12.2 దగ్గర ఉంటుంది. బండి నడిపి ఆపిన వెంటనే చూడకండి, పైపై చార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది. తర్వాత ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీటరు గమనించండి. 9.6 కన్నా కిందికి పోతే బ్యాటరీని అనుమానించాలి.

ఆ తర్వాత అసలుది. హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. మీటరు ఒక ప్రోబు ఆల్టర్నేటర్ బి ప్లస్ బోల్టు (కరెంటు బయటికొచ్చే చోటు) మీద, రెండోది బ్యాటరీ ప్లస్ పోస్టు మీద. తేడా 0.3 వోల్టు దాటకూడదు. అలాగే ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ మైనస్ పోస్టుకి మధ్య 0.2 దాటకూడదు. ఈ రెండూ ఎవరూ చూడరు, సగం కేసులు ఇక్కడే దొరుకుతాయి. బి ప్లస్ దగ్గర జాగ్రత్త, స్పానరో ఉంగరమో బాడీకి తగిలిందా వెల్డింగే. బెల్టుకి, ఫ్యానుకి చొక్కా దూరంగా ఉంచండి.

డయోడు సంగతి తేలాలంటే మీటరు ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) రేంజిలో పెట్టి బ్యాటరీ మీద రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయిన ఏసీ అలలు, చూడాలి, అర వోల్టు దాటితే అనుమానించాలి. కానీ రెండొందల రూపాయల పసుపు మీటరుతో ఇది కుదరదు. డీసీని కూడా ఏసీ అనుకుని ముప్పై దరిదాపుల అంకె చూపిస్తుంది, ప్రోబులు తిప్పి పెడితే సున్నా అంటుంది. దాన్ని చూసి ఎంతమంది భయపడ్డారో!

తెనాలి డీజిల్
మీటరు బావమరిది తెచ్చాడు, పసుపుదే. సెన్సార్ లేదు నా బండికి. అంకెలు ఇవీ:

పొద్దున 12.4. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10.8. లోడు లేకుండా ఐడిలింగ్‌లో 14.1. అన్నీ వేసి 2000 దగ్గర బ్యాటరీ మీద 13.1. అదే సమయంలో ఆల్టర్నేటర్ బి ప్లస్‌కి, దాని బాడీకి మధ్య 14.3! ప్లస్ వైపు తేడా 0.2. మైనస్ వైపు 1.0.

వైరింగ్ షాపు
తమ్ముడూ, ఎర్త్ పోయింది. బ్యాటరీ కాదు, డైనమో కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10.8 దగ్గర నిలబడిందంటే దానిలో దమ్ముంది. అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందంటే దమ్ము దారిలో పోతోంది. మీటరు పక్కన పెట్టు. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్‌కి ఒక కొస, ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన బోల్టుకి ఇంకో కొస గట్టిగా పట్టించి సెల్ఫ్ కొట్టు. గిర్రున తిరిగితే బ్యాటరీ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే అల్లిక ఎర్త్ వైరు తీసి చూడు. మీది కోస్తా కదా, లగ్గు (వైరు కొసన బోల్టుకి బిగించే రింగు) దగ్గర పచ్చగా చిలుం పట్టి ఉంటుంది.

స్టేటర్
ఇది నేను రాయబోతుంటే మేస్త్రి గారు ముందే చెప్పేశారు. ఆ జంపర్ కేబుల్ చిట్కా నా మీటరు కన్నా వేగం.

వైరింగ్ షాపు
మరి నేను చెప్పిందే కదమ్మా! టెర్మినల్ పీకినప్పుడు ఇంజిన్ ఆగలేదు, డైనమో బాగుంది అని వాళ్ల మేస్త్రి చెప్పాడు. బాగానే ఉందిగా?

స్టేటర్
బాగుందన్నది నిజమే. కానీ ఒక డయోడు పోయినా ఆయన అదే మాట అనేవారు. పైగా ఆ పరీక్ష పాసైంది కాబట్టే నేరం బ్యాటరీ మీదకి పోయింది. మధ్యలో ఉన్న వైరు ఆయన లెక్కలోకే రాలేదు.

వైరింగ్ షాపు
సరే, బీఎస్6 బండ్లకి నేనూ పీకడం మానేశాలెండి, ఆ సెన్సార్ విరిగితే మూడు వేలు నా జేబులోంచి పోయాయి ఒకసారి. ట్రాక్టర్లకి మాత్రం మానను.

పాత జీపు
ట్రాక్టర్లకైనా హెడ్‌లైటు వేసి రేస్ పెంచి చూస్తే చాలదా మేస్త్రీ? వెలుగు పెరిగితే చార్జింగ్ ఉన్నట్టే. పీకడం ఎందుకు మళ్లీ?

తెనాలి డీజిల్
జంపర్ కేబుల్ పెట్టి సెల్ఫ్ కొట్టాను. కొత్త బండిలా తిరిగింది! గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు లగ్గు మేస్త్రి గారు చెప్పినట్టే పచ్చగా ఉంది, పీకితే సగం పోగులు చేతిలోకి వచ్చాయి. కొత్త వైరు 350 రూపాయలు. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా ఎమెరీ పేపరుతో గీకి బిగించాను. ఇప్పుడు అన్నీ వేసి 2000 దగ్గర బ్యాటరీ మీద 14.0, మైనస్ వైపు తేడా 0.05.

మా ఊరి మేస్త్రికి చూపిస్తే "మంచిదే, కానీ బ్యాటరీ కూడా నాలుగేళ్లది కదా, ఎలాగూ మార్చాలి" అన్నాడు. బావమరిది ఆ పసుపు మీటరు తిరిగి ఇవ్వట్లేదు, వీధిలో అందరి కార్ల బానెట్లు ఎత్తిస్తున్నాడు.