తనకు అప్రియమైనది ఒరులకు చేయరాదు, సరే. నా అప్రియమూ నాన్నగారి అప్రియమూ ఒకటేనా?

ప్రశ్న: తెనాలి వాస్తవ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశారు. తిక్కన గారి ఈ కంద పద్యాన్ని మా అన్నదమ్ములిద్దరి చేత చిన్నప్పుడే కంఠస్థం చేయించారు:

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్

ఇప్పుడు ఆయన విషయంలోనే ఈ పద్యం మా ఇద్దరినీ చెరొక దారి పట్టించింది.

నాన్నగారికి 76 ఏళ్లు. దగ్గు ఎంతకీ తగ్గకపోవడంతో గుంటూరులో పరీక్షలు చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. డాక్టరు గారు ఆయనను బయట బల్ల మీద కూర్చోబెట్టి, మమ్మల్ని మాత్రం లోపలికి పిలిచి చెప్పారు. ఆయనకు చెప్పవద్దని అన్నయ్య పట్టుబట్టాడు. "నాకే ఈ జబ్బు వస్తే నాకు చెప్పవద్దనే కోరుకుంటాను, నేను భరించలేనిదాన్ని ఆయన నెత్తిన ఎలా వేస్తాను?" అన్నాడు. నా సంగతి అందుకు పూర్తిగా విరుద్ధం. నా జబ్బు నాకు తప్ప ఇంటిల్లిపాదికీ తెలిసి, అందరూ నా ముందు నవ్వు ముఖాలతో తిరగడం కంటే నాకు అప్రియమైనది మరొకటి లేదు. ఇద్దరమూ తనను తాను నాన్నగారి స్థానంలో పెట్టుకునే ఆలోచించాం, ఇద్దరమూ నిజాయతీగానే ఆలోచించాం, అయినా తేలిన సమాధానాలు ఒకదానికొకటి పొసగవు.

ఆసుపత్రి వారిచ్చిన ఫైలు అట్ట మీద క్యాన్సర్ విభాగం పేరు అచ్చయి ఉందని అన్నయ్య దాన్ని చించేసి, తన కూతురి నోటుపుస్తకాలకు వేసే ఖాకీ అట్ట వేశాడు. మొన్న సాయంత్రం నాన్నగారు వసారాలో కూర్చుని, ఆ అట్ట అంచును వేలితో తడుముతూ, "దీనికి అట్ట ఎందుకు మార్చారురా?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేక లోపలికి వెళ్లిపోయాను. ఇతరులను తనవలె చూడమన్న సూత్రంలోనే లోపం ఉందా, లేక మేము దాన్ని అర్థం చేసుకున్న తీరులో ఉందా?

జవాబు: తెలుగు అధ్యాపకుడు, విశ్రాంత

ఈ సూత్రంపై మీరు లేవనెత్తిన ఆక్షేపణ పాతదే, బలమైనదే. ఇతరులు మీకు ఏమి చేయాలని మీరు కోరుకుంటారో అది వారికి చేయకండి, వారి అభిరుచులు మీవి కాకపోవచ్చునని 1903లో ఆంగ్ల నాటకకర్త బెర్నార్డ్ షా రాశాడు. అంతకు ముందే 1785లో జర్మన్ తత్త్వవేత్త కాంట్, ఈ సూత్రాన్నే ప్రమాణంగా తీసుకుంటే తనను శిక్షించబోయే న్యాయమూర్తితో నేరస్థుడు కూడా దీనిని చూపించి వాదించగలడని అభ్యంతరం చెప్పాడు.

అయితే పద్యాన్ని మరొకసారి నెమ్మదిగా చదవమని నా మనవి. మొదట గమనించవలసినది, ఇది నిషేధ రూపంలో ఉంది. మత్తయి సువార్త ఏడవ అధ్యాయం "చేయుడి" అంటుంది. తిక్కన గారు, చైనాలో కన్ఫ్యూషియస్, యూదులలో హిల్లెల్ అనే మతగురువు "చేయవద్దు" అన్నారు. "చేయి" అన్నప్పుడు నా ఇష్టాన్ని ఎదుటివారి మీద రుద్దే ప్రమాదం ఎక్కువ, "చేయకు" అన్నప్పుడు చేయి కొంత వెనక్కు తగ్గుతుంది. కానీ మీ విషయంలో ఆ తేడా చాలదు, ఎందుకంటే దాచడం కూడా ఒక పనే. ఖాకీ అట్ట తనంతట తాను పడలేదు.

అసలు కీలకం "ఏయవి" అన్న మాటలో ఉంది. ఏ పనులు అప్రియమో చూసుకోమన్నాడు కవి. ఆ పనికి ఏ పేరు పెట్టుకోవాలన్నది మనకు వదిలాడు. "జబ్బు సంగతి చెప్పడం" అని పేరు పెట్టుకుంటే మీరిద్దరూ చెరొక దారిలో ఉన్నారు. "నా ప్రాణానికి సంబంధించిన సంగతిని నన్ను అడగకుండా ఇతరులు తేల్చేయడం" అని పెట్టుకొని చూడండి. మీ అన్నగారు "నాకు చెప్పవద్దు" అన్నారంటే, ఆ నిర్ణయం తనది కావాలని కోరుకున్నారన్నమాటే కదా. రేపు ఆయన మాటను పక్కనపెట్టి ఎవరో చెప్పేస్తే, దాచినప్పుడు మీకు కలిగేంత బాధే ఆయనకూ కలుగుతుంది. అక్కడ మీ ఇద్దరి అప్రియమూ ఒక్కటే, బహుశా మీ నాన్నగారిదీ అదే.

జవాబు: పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) నర్సు

మాస్టారు చెప్పినది నాకు సరిగానే తోస్తున్నది గాని, వార్డులో పదకొండేళ్లుగా చూస్తున్న ఒక ఇబ్బందిని చెప్పాలి. "మీకు మీ జబ్బు గురించి తెలుసుకోవాలని ఉందా?" అని ఉన్నట్టుండి అడిగితే ఆ అడగడంతోనే సగం చెప్పినట్టవుతుంది. అందుకే ఆ ప్రశ్నను పరీక్షలకు ముందే, ఇంకా ఏమీ తేలకముందే అడగాలి. చెడువార్త చెప్పే పద్ధతిని ఆరు మెట్లుగా విడదీసి 2000లో ప్రచురించిన స్పైక్స్ అనే విధానంలో, చెప్పడానికి ముందు రెండు మెట్లు కేవలం అడగడానికే కేటాయించారు: రోగికి ఇప్పటికే ఏమి తెలుసో ఒకటి, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారో మరొకటి.

మన దేశంలో వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనలు జబ్బు తీవ్రతను పెంచి గాని తగ్గించి గాని చెప్పరాదన్నాయి. ఆ సంగతి రోగికి, లేదా బంధువులకు, లేదా బాధ్యతగల మిత్రులకు తెలిసేలా చూడాలన్నాయి. ఆ "లేదా" దగ్గరే అసలు రోగి బయట బల్ల మీద ఉండిపోతున్నారు.

సమయం దాటిపోయిందని మీరు బాధపడకండి. మీ నాన్నగారు ఇప్పటికే అడిగారు. అట్ట గురించి అడిగిన ప్రశ్న అట్ట గురించి కాదు. "నాన్నగారూ, మీ ఒంట్లో సంగతి మీకు ఏమనిపిస్తోంది? డాక్టరు గారు చెప్పినవన్నీ మీకు చెప్పమంటారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని అడిగి, మాట్లాడకుండా కూర్చోండి. వెంటనే జవాబు రాదు. ఆ మౌనాన్ని మీరు నింపవద్దు.

జవాబు: ఒక పాఠకురాలు

ఎవరి ఇష్టాలు వారివి, కనుక తనను ప్రమాణంగా పెట్టుకోకూడదన్న వాదన నాకు భయం కలిగిస్తుంది. మా అమ్మమ్మగారి ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే ఆమెకు టీ ఇవ్వడానికి విడిగా ఒక గ్లాసు ఉండేది. దాన్ని పెరటి పిట్టగోడ మీద బోర్లించేవారు. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసి, 1955లో దానికి చట్టం కూడా వచ్చిన తరువాత, ఎన్నో ఏళ్లకు నేను చూసిన సంగతి ఇది. నేను అడిగితే "ఆమెకు అదే అలవాటు, లోపల కూర్చోమంటే ఆమే ఇబ్బంది పడుతుంది" అన్నారు. అక్కడ వారి ఇష్టం వేరు అన్న మాటే అన్యాయానికి కాపలా కాసింది. "ఆ గ్లాసులో నాకు పోస్తే నేను తాగుతానా?" అన్న పాత ప్రశ్న ఒక్కటే దాన్ని కదిలించగలిగేది.

పైగా అడగడం కూడా అన్నివేళలా చాలదు. ఆమెను అడిగి ఉంటే "పరవాలేదమ్మా" అనే అనేది. జీతం ఇచ్చేవారి ముందు ఆమె మరేమి అనగలదు? మంచాన పడి పిల్లల మీద ఆధారపడిన తండ్రి కూడా "మీ ఇష్టం నాయనా" అనవచ్చు. ఆయన వద్దన్నా, చెప్పమన్నా మీ సేవలో ఏ తేడా రాదని ఆయనకు నమ్మకం కలిగిన తరువాతే ఆ జవాబుకు విలువ.

ప్రశ్న వేసిన సభ్యుడు, వారం తరువాత

పాఠకురాలి మాట అన్నయ్యకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు గాని, ఆదివారం నాతోపాటు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. నర్సు గారు చెప్పినట్టే అడిగాను. నాన్నగారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని, "జబ్బు పేరు చెప్పండి. ఎన్ని నెలలు అన్న లెక్క మాత్రం నాకు వద్దు" అన్నారు. అన్నయ్యా నేనూ మా ఊహలలో ఆయన చోట నిలబడి ఎంత ఆలోచించినా మాకు తట్టని జవాబు అది.

పేరు అన్నయ్యే చెప్పాడు. నాన్నగారు తల ఊపి, "మీ అమ్మకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేదు" అన్నారు. అమ్మ అప్పుడు వంటింట్లో ఉంది. ఆమెను ఎవరమూ ఇంకా ఏమీ అడగలేదు.