పెద్ద స్టేక్‌హౌస్ వైన్ లిస్ట్ బాగుందో లేదో ఎలా తేల్చుకుంటారు?

నీలిమేఘం:
వచ్చే వారం మా టీమ్ అంతా ఒక ఖరీదైన స్టేక్‌హౌస్‌కి (కాల్చిన బీఫ్ ముక్కలు వడ్డించే రెస్టారెంట్) వెళ్తున్నాం, వైన్ సంగతి నువ్వే చూస్కో అని నా మీద పెట్టేశారు. వాళ్ళ సైట్‌లో లిస్ట్ ఉంది, తెరిస్తే పేజీలకి పేజీలు, సగం నాపా కాబెర్నేలే (కాలిఫోర్నియాలోని నాపా లోయ రెడ్ వైన్లు), తర్వాత ఫ్రాన్స్‌లోని బోర్డో పెద్ద పేర్లు, మిగతా ప్రపంచం మొత్తాన్నీ చివరి రెండు పేజీల్లో సర్దేశారు. మొదటి పేజీలో వైన్ స్పెక్టేటర్ పత్రిక ఇచ్చే అవార్డ్ గుర్తు కూడా వేసుకున్నారు. నాకు వైన్ ఇష్టమే, ఏది బాగుందో తాగితే చెప్పగలను, కానీ లిస్ట్ చూసి ఇది ఎవరో ఆలోచించి కట్టిందా లేక ఊరికే పేర్లు పేర్చిందా అని ఎలా చెప్పాలో తెలీట్లేదు. మీరైతే ముందు ఏం చూస్తారు? మేం ఆరుగురం, ఎక్కువమంది కొవ్వుండే రిబ్‌ఐ ముక్క అంటున్నారు, ఇద్దరు మెత్తటి ఫిలే ముక్క, ఒకావిడ చేప మాత్రమే తింటారు.

రాతినేల:
ఆ అవార్డ్ గుర్తుని బట్టి ఏ నిర్ణయానికీ రాకండి. 1981 నుంచి ఇస్తున్నారు, రెస్టారెంట్‌వాళ్ళే ఫీజు కట్టి లిస్ట్ పంపుకోవాలి, మొదటి మెట్టుకైతే కనీసం 90 వైన్లుండాలి అంతే. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే రచయిత మిలాన్‌లో అసలు లేనే లేని రెస్టారెంట్ పేరు మీద అప్లై చేస్తే ఆ అవార్డ్ వచ్చేసింది, పైగా ఆ లిస్ట్‌లో ఖరీదైన రిజర్వ్ వైన్లు చాలావరకు ఆ పత్రికే తక్కువ మార్కులేసినవి. అవార్డున్న లిస్టులన్నీ చెత్తని కాదు నేననేది, అది మాత్రం కొలబద్ద కాదు.

నేను ముందు చూసేది ప్రతి లైన్ ఎలా రాశారా అని. చేసినవాళ్ళ పేరు, ప్రాంతం, పంట సంవత్సరం మూడూ ఉండాలి. సంవత్సరం లేకుండా ఉత్త "నాపా కాబెర్నే" అని అంత ధర పెట్టారంటే నాకు అక్కడే మనసు విరిగిపోతుంది, ఎందుకంటే ఈ వైన్లలో ఏడాదే సగం కథ. 2020లో నాపాలో కార్చిచ్చు పొగ ద్రాక్షకి పట్టేసి చాలామంది ఆ ఏడాది కాబెర్నే చెయ్యడమే మానేశారు. బోర్డోలో 2013 చలీ వానలతో పల్చగా పోయింది, 2016 అద్భుతంగా వచ్చింది. ఒకే షాటో (బోర్డోలో వైన్ చేసే ఎస్టేట్) 2013దీ 2016దీ దాదాపు ఒకే ధరకి పెట్టారంటే ఆ లిస్ట్ రాసినవాళ్ళకి సీసాలో ఏముందో పట్టలేదన్నమాట.

ఇంకోటి వయసు. అన్నీ నిన్నమొన్న మార్కెట్‌లోకొచ్చినవే అయితే వాళ్ళు సెల్లార్‌లో ఏమీ దాచట్లేదు, సప్లయర్ దగ్గర్నుంచి తెచ్చి అలాగే మన ముందు పెడుతున్నారు. బోర్డోలోని పోయాక్ అనే చోటి వైన్ లేతగా ఉంటే నోరంతా వగరు చేసి వదిలేస్తుంది, పదిహేనేళ్ళదైతే ఆ వైనే వేరు. అమెరికాలోని టాంపాలో బెర్న్స్ స్టేక్‌హౌస్ 1956 నుంచి ఉంది, దశాబ్దాలుగా కొని దాచారు కాబట్టే పాత సీసాల కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అందరూ అంత చెయ్యలేరు, కానీ పదేళ్ళు దాటినవి కొన్నైనా ఉండాలి కదా.

వగరూపులుపూ:
రాతినేల గారు చెప్పింది నిజమే. నాపా సగం ఉండటం మాత్రం తప్పు కాదండీ, స్టేక్‌హౌస్‌కి వచ్చేవాళ్ళు అడిగేదే అది. ఆ సగంలో తేడాలున్నాయా అన్నదే చూడాలి. ఓక్‌విల్, రదర్‌ఫర్డ్ లాంటి లోయ వైన్లతో పాటు హోవెల్ మౌంటెన్, మౌంట్ వీడర్ లాంటి కొండ మీదవి పెట్టారా, లేక ఒకే రకం తియ్యటి ఓక్ (పీపా కర్ర) రుచి ముప్పైసార్లు పెట్టారా?

మాంసం సంగతికొస్తే, వైన్‌లో ఉండే వగరు మాంసంలోని ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, ఉప్పూ కొవ్వూ కూడా తోడైతే ఇంకా మెత్తబడుతుంది, అందుకే రిబ్‌ఐ పక్కన కుర్ర కాబెర్నే కూడా నడిచిపోతుంది. ఫిలేలో కొవ్వు తక్కువ, రుచి కూడా సున్నితం, దాని మీద అదే వైన్ పోస్తే మాంసం రుచే తెలీదు. దానికి మెర్లో ద్రాక్ష ఎక్కువుండే బోర్డో వైన్లు, అంటే పొమెరోల్, సెంట్ ఎమిలియోన్ గానీ, మంచి పినో నువార్ (ఇంకో తేలికైన ఎర్ర ద్రాక్ష) గానీ కావాలి. మిరియాల సాస్ ఉంటే ఫ్రాన్స్‌లో ఉత్తర రోన్ లోయలో సిరా ద్రాక్షతో చేసిన వైన్లు చూడండి, కోర్నా, సెంట్ జోసెఫ్ లాంటివి. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే వాసన పదార్థమే సిరాలోనూ ఉంటుంది, అందుకే ఆ రెండూ అంత బాగా కలుస్తాయి.

నేనైతే మీరు చివర్లో ఉన్నాయన్న ఆ రెండు పేజీలే ముందు చదువుతా. పెద్ద పేర్లు కొనడానికి డబ్బుంటే చాలు. స్పెయిన్‌లోని రియోహా నుంచి మంచి గ్రాన్ రిసర్వా పెట్టాలన్నా, ఇటలీ వైన్ బరోలోలో సరైన తయారీదారుని ఎంచుకోవాలన్నా, అర్జెంటీనాలోని మెండోజా మాల్బెక్ పక్కన ఆ ద్రాక్ష పుట్టిల్లు, ఫ్రాన్స్‌లోని కాహోర్ కూడా ఉండాలన్నా ఎవరో కూర్చుని రుచి చూసుండాలి. గ్రాన్ రిసర్వా అంటే కనీసం ఐదేళ్ళు ఆగింది, అందులో రెండేళ్ళు పీపాలో, అంటే వయసున్న వైన్ మీకు పెద్ద బోర్డో ధర పెట్టకుండానే దొరుకుతుంది. అలాగే తెల్లవైన్లు. చేప తినే ఆవిడకి బరువైన ఓక్ షార్డొనేలు తప్ప ఏం లేకపోతే అది సగం లిస్టే, ఒక షాబ్లీ (ఫ్రాన్స్‌లోని తేలికైన తెల్లవైన్) అయినా ఉండాలి.

సీసామూత:
ధరల గురించి ఎవరూ చెప్పలేదు. మీకు తెలిసిన రెండు మూడు వైన్లు లిస్ట్‌లో వెతికి షాపు ధరతో పోల్చండి. రెండు మూడు రెట్లు మామూలే, అంతకన్నా బాగా పైకి పోతే ఆలోచించాలి. రెండో చవక బాటిల్ మీదే ఎక్కువ గుంజుతారని అందరూ అంటారు గానీ 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్ళు లండన్ రెస్టారెంట్ల లిస్టులు చూస్తే అది నిజం కాదని, లిస్ట్ మధ్యలో ఉన్నవాటి మీదే రెట్లు ఎక్కువని తేలింది. గ్లాసుల పేజీ కూడా చూడండి, 750 మిల్లీలీటర్ల బాటిల్‌లో 150 చొప్పున ఐదు గ్లాసులొస్తాయి, గ్లాసు ధరని ఐదుతో గుణించి బాటిల్ ధర పక్కన పెడితే వాళ్ళ మనసు తెలిసిపోతుంది.

నీలిమేఘం:
థాంక్యూ అందరికీ, ఇప్పుడే మళ్ళీ చూశా. నాపా పేజీల్లో చాలావాటికి సంవత్సరం లేదు, కానీ చివరి పేజీల్లో ప్రతిదానికీ ఉంది, 2011 గ్రాన్ రిసర్వా ఒకటి, రెండు కోర్నాలు, షాబ్లీ కూడా ఉన్నాయి. ముందే వాళ్ళకి మెయిల్ పెడితే బాగుంటుందా?

వగరూపులుపూ:
తప్పకుండా పెట్టండి. ఎవరేం తింటారో, బడ్జెట్ ఎంతో రాసి ఆ నాపాలవి ఏ సంవత్సరాలో కూడా అడగండి. సొమెలియేకి (అక్కడ వైన్ సంగతి చూసే మనిషి) నిజంగా లిస్ట్ మీద ప్రేముంటే వెంటనే జవాబొస్తుంది. ఆ గ్రాన్ రిసర్వా ఫిలేవాళ్ళకి, కోర్నా రిబ్‌ఐ వాళ్ళకి పెట్టుకోండి, కోర్నా మాత్రం మీరు రావడానికి గంట ముందే డికాంటర్‌లో (గాలి తగిలేలా వైన్ పోసే గాజు కూజా) పొయ్యమనండి, ఈ రెండు రెడ్‌లూ 16 నుంచి 18 డిగ్రీల మధ్య తెమ్మనండి, గది వేడిలో తెస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ మిగలదు.