"బిట్వీన్ యు అండ్ ఐ" అనొచ్చా? ప్రిపోజిషన్ పక్కన మి, మైన్, మైసెల్ఫ్: ఎక్కడ ఏది?

తెనాలి_వాసి అడిగారు:

ఇంగ్లిష్ చెప్పే టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాలుగు చోట్ల ఎటూ తేలడం లేదు.

"బిట్వీన్ యు అండ్ మి" అనాలా, "యు అండ్ ఐ" అనాలా? "టెల్ మి" రైటట, "ఎక్స్‌ప్లెయిన్ మి" తప్పట. తెలుగులో రెండూ "నాకు చెప్పు", "నాకు వివరించు" అనే కదా! "లుక్ ఎట్ ఇట్" అంటాం గానీ "స్విచ్ ఆఫ్ ఇట్" అనకూడదంటారు, ఎందుకు? చివరిది, "విత్ మి" ఎప్పుడు, "విత్ మైసెల్ఫ్" ఎప్పుడు?

రూల్ పేర్లు అక్కర్లేదండీ. వాక్యం రాస్తూ రాస్తూ అక్కడికక్కడే తేల్చుకునే పద్ధతి చెప్పండి చాలు.

గ్రామర్_పంతులు:

తెనాలి గారూ, మొదటిదానికి జవాబు "బిట్వీన్ యు అండ్ మి". ప్రిపోజిషన్ తర్వాత మి, హిమ్, హర్, అస్, దెమ్, హూమ్ అనే రూపాలే రావాలి. యు, ఇట్ ఎలాగూ మారవు. ఇది మనకు అలవాటైన పనే. "నేనుతో", "వాడుకోసం" అని ఏ పిల్లాడూ అనడు. నాతో, వాడికోసం అంటాడు. విభక్తి తగలగానే "నేను" కాస్తా "నా" అవుతుంది, "ఇల్లు" "ఇంట్లో" అయినట్టు. ఇంగ్లిష్‌లో మామూలు పేర్లు మారవు, ఈ సర్వనామాలే మారతాయి.

తప్పంతా "అండ్" దగ్గర పుడుతుంది. "రవికీ నాకూ మధ్య" అనేటప్పుడు తెలుగు ఇద్దరికీ విడివిడిగా విభక్తి తగిలిస్తుంది. ఇంగ్లిష్ మాత్రం ముందు ఒక్క "బిట్వీన్" పెట్టి ఊరుకుంటుంది. రెండో మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ ప్రిపోజిషన్ సంగతి మరిచిపోతాం. దానికి తోడు "మి అండ్ రవి" అనకూడదు, "రవి అండ్ ఐ" అనాలని బళ్లో చెప్పిన మాట బుర్రలో ఉండిపోతుంది. ఆ మాట కర్త స్థానానికి మాత్రమే వర్తిస్తుంది.

పద్ధతి ఇదీ: మీ పక్కనున్న మనిషిని తీసేసి చదవండి. "ది మేనేజర్ స్పోక్ టు రవి అండ్..." తర్వాత ఏం రావాలి? రవిని తీసేస్తే "స్పోక్ టు మి" అని మీ నోటికే వస్తుంది. "బిట్వీన్"కి ఇద్దరుండాలి కాబట్టి అక్కడ మనిషిని తీసేయడం కుదరదు. ఇద్దర్నీ కలిపి "బిట్వీన్ అస్" అని చూడండి. "బిట్వీన్ వి" అనలేం కదా, అందుకే "మి". "బిట్వీన్ యు అండ్ ఐ" అనే మాట ఇంగ్లిష్ వాళ్ల నోటా వినిపిస్తుంది. అయినా పరీక్షలో మార్కు పోతుంది.

ఆఫీసు మెయిళ్లలో "ప్లీజ్ కాంటాక్ట్ రవి ఆర్ మైసెల్ఫ్" అని మర్యాద కోసం రాస్తారు. అక్కడా "మి" చాలు.

ఓరుగల్లు_టీచర్:

రెండో ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. మన "నాకు" ఇంగ్లిష్‌లోకి పోతే నాలుగు రకాలైతది.

"నాకు తెలుసు", "నాకు ఆకలైతుంది", "నాకు ఇద్దరన్నలు" అన్నప్పుడు అసలు ప్రిపోజిషనే ఉండదు. అది నేరుగా కర్తయి కూర్చుంటది: ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్. "నాకు ఇయ్యి", "నాకు చెప్పు"లో ఒట్టి "మి": గివ్ మి, టెల్ మి. "నాకు వివరించు"లో "టు మి": ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి. "నాకు రావడం కష్టం"లో "ఫర్ మి": ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మి టు కమ్.

ఏది రావాలో తేల్చేది ఇంగ్లిష్ క్రియ. తెలుగు విభక్తికి ఆ అధికారం లేదు. టెల్, ఆస్క్, కాల్, ఆన్సర్, కాంటాక్ట్, మ్యారీ, ఇవి మనిషిని నేరుగా పట్టుకుంటయి. "ఆస్క్ టు హిమ్", "మ్యారీడ్ విత్ హర్" తప్పు. ఆస్క్ హిమ్, మ్యారీడ్ హర్. సే, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, మెన్షన్, రిప్లై, లిజన్, వీటికి మనిషి ముందు "టు" ఉండాలె. అందుకే "ఆన్సర్ మి" రైటు, "రిప్లై మి" తప్పు, భావం ఒకటే అయినా. "ప్లీజ్ సజెస్ట్ మి ఎ గుడ్ ఫోన్" అని మన దగ్గర అందరూ రాస్తరు. "సజెస్ట్ ఎ గుడ్ ఫోన్ టు మి" అనాలె, లేకుంటే "రెకమెండ్ ఎ గుడ్ ఫోన్" అంటే ఇంకా హాయిగ ఉంటది.

"నా దగ్గర" ఇంకా ఘోరం. నా దగ్గర పైసల్లేవు: ఐ హ్యావ్ నో మనీ ఆన్ మి. నా దగ్గర అప్పు తీసుకున్నడు: బారోడ్ మనీ ఫ్రమ్ మి. నా దగ్గరికొచ్చిండు: కేమ్ టు మి. నా దగ్గర కూసున్నడు: శాట్ నెక్స్ట్ టు మి. నా దగ్గర పనిచేస్తడు: వర్క్స్ ఫర్ మి. ఇన్నింటికీ "నియర్ మి" ఒక్కటే వాడితే కూసున్న మాట తప్ప మిగతావన్నీ చెడిపోతయి.

"నా మీద" కూడా అంతే. నా మీద కోపమంటే యాంగ్రీ విత్ మి, నమ్మకమంటే ఫెయిత్ ఇన్ మి, ఆధారపడితే డిపెండ్ ఆన్ మి. "ఆన్" ఒక్కదాంట్లనే కుదిరింది చూడండి. అందుకని నోట్‌బుక్‌లో ఒట్టి క్రియ రాసుకోవద్దు. "రిప్లై టు మి", "వెయిట్ ఫర్ మి", "యాంగ్రీ విత్ మి" అని మూడు ముక్కలూ కలిపి రాసుకోండి, "మి"తో సహా.

నాగావళి:

"స్విచ్ ఆఫ్ ఇట్" గురించి నేను చెబుతాను. చూపుకి ఒకేలా ఉన్నా "లుక్ ఎట్"లోని "ఎట్" ప్రిపోజిషన్, "స్విచ్ ఆఫ్"లోని "ఆఫ్" క్రియలో సగభాగం. ప్రిపోజిషన్ అయితే సర్వనామం దాని వెనకే రావాలి: లుక్ ఎట్ ఇట్, లుక్ ఫర్ ఇట్, లుక్ ఆఫ్టర్ హర్, వెయిట్ ఫర్ దెమ్. క్రియలో భాగమైతే సర్వనామం మధ్యలో దూరాలి: స్విచ్ ఇట్ ఆఫ్, పిక్ హిమ్ అప్, గివ్ ఇట్ బ్యాక్, ఫిల్ ఇట్ ఇన్, కాల్ మి బ్యాక్. పేరుంటే ఎటైనా ఫర్వాలేదు, "స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్" అన్నా "స్విచ్ ది ఫ్యాన్ ఆఫ్" అన్నా ఒకటే. ఇబ్బంది సర్వనామంతోనే.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఆ రెంటి మధ్యా "కేర్‌ఫుల్లీ" దూర్చి చూడండి. "లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ఇట్" నడుస్తుంది, కాబట్టి "ఎట్" ప్రిపోజిషన్. "స్విచ్డ్ కేర్‌ఫుల్లీ ఆఫ్ ది ఫ్యాన్" నడవదు. అనుమానం తీరకపోతే లెర్నర్స్ డిక్షనరీ తెరవండి. "లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ", "పిక్ సమ్‌బడీ అప్" అని "సమ్‌బడీ" కూర్చునే చోటు అందులోనే చూపిస్తారు. మీ సర్వనామం కూడా అక్కడే. మూడు మాటలవాటిలో మాత్రం చివరికే: పుట్ అప్ విత్ ఇట్, లుక్ ఫార్వర్డ్ టు ఇట్.

మీరు అడగలేదు గానీ, ఇంకో తప్పు చెప్పి తీరాలి. "నేను మాట్లాడిన మనిషి", "మేము ఉండే ఇల్లు" అనేటప్పుడు తెలుగులో "తో", "లో" మాయమైపోతాయి. అదే అలవాటుతో "ది మ్యాన్ ఐ స్పోక్", "ది హౌస్ విచ్ వి లివ్" అని రాసేస్తారు. ఇంగ్లిష్‌లో అది పోదు. "ది మ్యాన్ ఐ స్పోక్ టు", "ది హౌస్ వి లివ్ ఇన్" అనాలి. ప్రిపోజిషన్‌ని ముందుకు తెస్తే "టు హూమ్", "ఇన్ విచ్" అవుతుంది. "ఇన్ దట్ వి లివ్" అని మాత్రం రాయకూడదు, అక్కడ "దట్" ముందు ప్రిపోజిషన్ నిలవదు.

తెనాలి_వాసి:

"నా దగ్గర" సంగతి చదివాక చాలా తేలికైంది, ముగ్గురికీ ధన్యవాదాలండీ. "విత్ మైసెల్ఫ్" ఒక్కటి మిగిలింది. "ఎ ఫ్రెండ్ ఆఫ్ మి" అనొచ్చో లేదో కూడా చెప్పండి.

గ్రామర్_పంతులు:

"ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్" అనాలండీ. నాతో, నా కోసం, నా స్నేహితుడు, అన్నిట్లోనూ మనకు "నా" ఒకటే. ఇంగ్లిష్‌లో అది మి, మై, మైన్ అని చీలిపోయింది. "నా స్నేహితుల్లో ఒకడు" అనే భావం "ఆఫ్"తో చెబితే మైన్, యువర్స్, హిజ్, హర్స్, అవర్స్, దెయిర్స్ వాడాలి.

ఇక మైసెల్ఫ్. చేసేదీ నేనే, ఆ పని తగిలేదీ నాకే అయితే సెల్ఫ్ రూపం: టాకింగ్ టు హర్‌సెల్ఫ్, ప్రౌడ్ ఆఫ్ హిమ్‌సెల్ఫ్. ప్రిపోజిషన్ ఉత్త చోటు చెబుతుంటే మామూలు రూపం: "టేక్ ఎన్ అంబ్రెల్లా విత్ యు", "హి లుక్డ్ బిహైండ్ హిమ్". గొడుగు వెంట ఉంటుందంతే, మీ మీద జరిగే పనేమీ లేదు. "బై మైసెల్ఫ్" అంటే ఒంటరిగా, అదొక్కటీ విడిగా గుర్తుంచుకోండి.

ఓరుగల్లు_టీచర్:

లిజనింగ్ పరీక్షకు పోయేటోళ్లకు ఒక ముచ్చట. మాటల్లో ఈ సర్వనామాల మీద ఊనిక పడదు. "హిమ్", "హర్"లో "హ" రాలిపోతది. "ఆస్క్ హిమ్" "ఆస్కిమ్" లెక్క, "లుక్ ఎట్ హిమ్" "లుకటిమ్" లెక్క వినబడతది. ఒక్క మాటనుకొని డిక్షనరీల వెతికినా దొరకది. "హ" స్పష్టంగ వినబడిందంటే చాలాసార్లు వాళ్లు "అతన్నే, ఇంకొకర్ని కాదు" అని ఒత్తి చెప్తున్నట్టు. ప్రిపోజిషన్ వాక్యం చివరికి పోతే మాత్రం నిండుగ పలుకుతరు: "ఫర్ హర్"లో వినీ వినబడని "ఫర్", "హూ ఈజ్ ఇట్ ఫర్?"లో "ఫోర్" అన్నట్టే ఉంటది.